ఉల్లేఖనల లెక్కకు అందని శాస్త్రవేత్త డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

జీవరసాయన శాస్త్రంలో ఇరవయ్యవ శతాబ్దపు అగ్రశ్రేణి పరిశోధకులలో ఒకరైన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు పేరు తెలుగువారికి సుపరిచితం. భీమవరంలో పుట్టి, అమెరికాలో పరిశోధనలు సాగించి, 53 సంవత్సరాల వయస్సులోనే కన్నుమూసిన ఆ మహనీయుని జీవితాన్ని ఔషధాల ఆవిష్కర్తగా స్మరించుకోవడం పరిపాటి. ఆయన ప్రచురించిన పరిశోధన పత్రాలు, వాటికి తరువాతి తరాల శాస్త్రజ్ఞులలో లభించిన ఆదరణ, ఆ లెక్కలలో కనిపించకుండా పోయిన కృషి అంతగా వెలుగులోకి రాలేదు. శాస్త్రవేత్తల ప్రతిభను ప్రచురణల సంఖ్యతోను, ఉల్లేఖనల సంఖ్యతోను తూచే పద్ధతి సర్వత్రా వ్యాపించిన ఈ కాలంలో డాక్టర్ సుబ్బారావు ప్రచురణల చరిత్ర ప్రత్యేకంగా పరిశీలింపదగినది.

బాల్యం, విద్యాభ్యాసం

డాక్టర్ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. నాడు మద్రాసు రాష్ట్రంలో ఉండిన ఈ పట్టణం 2022 నుంచి పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రంగా ఉన్నది. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో ఉద్యోగి. అనారోగ్యం కారణంగా ఆయన ముందుగానే ఉద్యోగ విరమణ చేయవలసి రావడంతో కుటుంబం ఆర్థికంగా ఇబ్బందుల పాలయింది. తల్లి వెంకమ్మ పట్టుదల వల్లనే కుమారుని చదువు కొనసాగింది. రాజమండ్రిలోను, ఆ తరువాత మద్రాసులోను చదివిన సుబ్బారావు మూడవ ప్రయత్నంలో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ పూర్తి చేసి మద్రాసు వైద్య కళాశాలలో చేరారు.

ఆ కాలంలోనే ఆయన సోదరులిద్దరు కొద్ది రోజుల వ్యవధిలో స్ప్రూ అనే వ్యాధితో మరణించారు. ఇది ఆహారంలోని పోషకాలను పేగులు గ్రహించలేకపోవడం వల్ల మనిషిని క్రమంగా క్షీణింపజేసే ఉష్ణమండల వ్యాధి. కొంతకాలానికి అదే వ్యాధి సుబ్బారావుకు కూడా సోకింది. ప్రసిద్ధ వైద్యులు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చేసిన ఆయుర్వేద చికిత్సతో ఆయన కోలుకున్నారు. వ్యాధికి మూలకారణం తెలుసుకోవాలన్న తపన ఆయనలో అప్పుడే నాటుకొన్నది.

గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించినందుకు శస్త్రచికిత్సా విభాగపు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి ఆయన గురికావలసి వచ్చింది. ఫలితంగా ఎం.బి.బి.ఎస్. పట్టా లభించలేదు; దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ధ్రువపత్రంతో సరిపెట్టుకోవలసి వచ్చింది. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధిస్తూనే ఆయన విదేశీ విద్యకు ప్రయత్నించారు. మామగారు అందించిన సొమ్ముతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతోను అమెరికాకు ప్రయాణమయ్యారు. భార్య శేషగిరి స్వదేశంలోనే ఉండిపోయారు. డాక్టర్ సుబ్బారావు తిరిగి మాతృదేశానికి రాలేదు.

హార్వర్డ్‌లో తొలి సంవత్సరాలు

బోస్టన్ నగరంలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల శాస్త్రంలో డిప్లొమా పొందిన అనంతరం ఆయన వైద్య కళాశాలలోని జీవరసాయన విభాగంలో ప్రవేశించారు. పోషణ కోసం ఆసుపత్రిలో చిన్న పనులు చేస్తూ, మిగిలిన సమయమంతా ప్రయోగశాలలో గడిపారు. ఆ విభాగంలో ఆయనకు మార్గదర్శకులు సైరస్ ఫిస్క్. శరీర ద్రవాలలో భాస్వరం ఎంత ఉన్నదో కచ్చితంగా, త్వరగా తెలుసుకునే విధానాన్ని రూపొందించడం యువ పరిశోధకునికి అప్పగించిన పని.

రక్తంలో ఫాస్ఫేట్ మోతాదు మూత్రపిండాల వ్యాధులలోను, ఎముకలు మెత్తబడే రికెట్స్ వ్యాధిలోను మారుతుంది. దానిని కొలిచే పద్ధతులు అప్పటికే కొన్ని ఉన్నా, అవి నిదానమైనవి. ఇతర పదార్థాల ప్రభావం వల్ల ఫలితాలు తారుమారయ్యేవి. ఫాస్ఫేట్‌ను ఆమ్ల మాలిబ్డేట్‌తో కలిపి, తగిన క్షయకరణ పదార్థాన్ని చేర్చితే నీలిరంగు ఏర్పడుతుంది. ఆ నీలిరంగు గాఢతను బట్టి ఫాస్ఫేట్ పరిమాణాన్ని లెక్కించవచ్చు. ఇందుకోసం అమైనో నాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లాన్ని వినియోగించి, రంగు త్వరగా, నిలకడగా ఏర్పడే విధానాన్ని ఫిస్క్, సుబ్బారావు రూపొందించారు.

1925 నాటి పత్రం

ఈ విధానాన్ని వివరించే పత్రం 1925లో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీ 66వ సంపుటంలో 375వ పుట నుంచి 400వ పుట వరకు ప్రచురితమైనది. పత్రంపై మొదటి పేరు ఫిస్క్‌ది, రెండవ పేరు సుబ్బారావుది. నాటి నుంచి అది ఫిస్క్-సుబ్బారావు పద్ధతిగా ప్రపంచమంతటా వ్యవహారంలోకి వచ్చింది. ఆసుపత్రి ప్రయోగశాలలు, విశ్వవిద్యాలయాలు, ఎంజైములపై పరిశోధించే సంస్థలు దీనిని స్వీకరించాయి. ఒక ఎంజైము చర్యలో ఫాస్ఫేట్ విడుదలవుతున్నదీ లేనిదీ తెలుసుకోవాలన్నా, కణత్వచంలోని ఫాస్ఫోలిపిడ్లను లెక్కించాలన్నా ఈ పద్ధతే ఆధారమైంది.

ఒక పరిశోధన పత్రాన్ని తరువాతి పరిశోధకులు తమ పత్రాలలో ఆధారంగా పేర్కొనడాన్ని ఉల్లేఖన లేక సైటేషన్ అంటారు. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో యూజీన్ గార్ఫీల్డ్ 1964లో ప్రారంభించిన సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌తో ఈ ఉల్లేఖనలను క్రమపద్ధతిలో లెక్కించడం సాధ్యమైంది. ఆ లెక్కలు వెలువడినప్పుడు 1925 నాటి ఫిస్క్-సుబ్బారావు పత్రం అత్యధికంగా ఉల్లేఖింపబడిన పత్రాల సరసన నిలిచింది. వెలువడి నాలుగు దశాబ్దాలు గడిచిన తరువాత కూడా వేలాది పత్రాలు దానిని పేర్కొంటూనే వచ్చాయి. ఈ గౌరవాన్ని చూడటానికి డాక్టర్ సుబ్బారావు జీవించి లేరు.

ఇటువంటి జాబితాలలో సిద్ధాంతాలను ప్రతిపాదించిన పత్రాల కంటె కొలమాన పద్ధతులను వివరించిన పత్రాలే ముందుండటం గమనార్హం. మాంసకృత్తులను కొలిచే విధానంపై ఆలివర్ లౌరీ బృందం 1951లో ప్రచురించిన పత్రం ప్రపంచంలోనే అత్యధికంగా ఉల్లేఖింపబడినదిగా నేచర్ పత్రిక 2014లో వెల్లడించిన జాబితాలో నిలిచింది. అప్పటికి దాని ఉల్లేఖనలు 3 లక్షలు దాటాయి. పద్ధతిని వాడిన ప్రతి పరిశోధకుడు దానిని పేర్కొనవలసి రావడమే ఇందుకు కారణం. ఫిస్క్-సుబ్బారావు పత్రానిది కూడా ఇదే కోవ.

రంగు ఆలస్యంతో వెలుగుచూసిన రహస్యం

పద్ధతి ఎంత ఉపయుక్తమైనా, దాని ద్వారా వెలుగుచూసిన విషయాలు అంతకంటె విలువైనవి. కండరాల సారంలో ఫాస్ఫేట్‌ను కొలిచేటప్పుడు నీలిరంగు ఆశించిన వేగంతో ఏర్పడకపోవడాన్ని ఫిస్క్, సుబ్బారావు గమనించారు. సాధారణ ఫాస్ఫేట్‌గా అంతవరకు భావించిన దానిలో కొంత భాగం వేరొక పదార్థంతో బంధింపబడి ఉండి, ఆమ్ల ద్రావణంలో క్రమంగా విడిపోతున్నదని గుర్తించారు. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. 1927లో సైన్స్ పత్రికలో ఈ విషయాన్ని ప్రకటించారు. అదే సంవత్సరం ఇంగ్లండులో ఫిలిప్ ఎగిల్టన్, గ్రేస్ ఎగిల్టన్ దంపతులు సైతం కండరంలోని ఈ అస్థిర ఫాస్ఫేట్‌ను స్వతంత్రంగా గుర్తించారు.

1929లో ఫిస్క్, సుబ్బారావు సైన్స్ పత్రికలో కేవలం రెండు పుటల పత్రం ద్వారా కండరాలలో అడినోసిన్ ట్రైఫాస్ఫేట్ ఉనికిని తెలియజేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా ఆ పదార్థాన్నే కనుగొన్నారు. ఎ.టి.పి. అనే సంక్షిప్త నామంతో పాఠశాల విద్యార్థులకు సైతం తెలిసిన ఈ పదార్థం సకల జీవకణాలలో శక్తి మారకానికి సాధనం. కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే కారణమన్న నాటి సిద్ధాంతం ఈ ఆవిష్కరణలతో కదిలిపోయింది. ఆ సిద్ధాంతంతో ముడివడిన పరిశోధనలకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతిని ఆర్చిబాల్డ్ హిల్, ఒట్టో మేయర్హాఫ్ పంచుకొని కొద్ది సంవత్సరాలే గడిచాయి.

ఉల్లేఖనల దృష్టితో చూస్తే ఇక్కడ ఒక వైచిత్రి ఉన్నది. కొలమాన పద్ధతిని వివరించిన 26 పుటల పత్రం వేలాది సార్లు పేర్కొనబడింది. జీవశాస్త్రానికి పునాదిరాయి వంటి ఎ.టి.పి. గురించి చెప్పిన రెండు పుటల పత్రాన్ని ఎ.టి.పి.పై పరిశోధించేవారు ప్రత్యేకంగా పేర్కొనవలసిన అవసరమే లేకపోయింది. ఒక సత్యం అందరి సొత్తుగా మారినప్పుడు దాని మూలపత్రాన్ని ఉల్లేఖించడం ఆగిపోతుంది. పద్ధతులకు సైతం కాలక్రమంలో ఇదే జరుగుతుంది. 1959లో బార్ట్‌లెట్ ఫిస్క్-సుబ్బారావు విధానాన్ని సవరించి ప్రకటించిన తరువాత ఫాస్ఫోలిపిడ్ల పరిశోధకులు పలువురు బార్ట్‌లెట్‌నే పేర్కొనసాగారు. పద్ధతి సజీవంగానే ఉన్నది. పేరు మాత్రం వెనుకకు జరిగింది.

పేరుకు సంబంధించిన చిక్కులు

డాక్టర్ సుబ్బారావు 1930లో హార్వర్డ్ నుంచి పిహెచ్.డి. పట్టా పొందారు. అయినప్పటికీ ఆ విశ్వవిద్యాలయంలో ఆయనకు శాశ్వత అధ్యాపక పదవి లభించలేదు. ప్రధాన పత్రాలపై ఆయన పేరు రెండవదిగా ఉండటంతో ఆ ఆవిష్కరణలు ఫిస్క్ ఖాతాలోకే చేరాయి. ఆ రోజులలో హార్వర్డ్‌లో పరిశోధక విద్యార్థిగా ఉండి, 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జ్ హిచింగ్స్, సుబ్బారావు వేరుపరచిన కొన్ని న్యూక్లియోటైడ్లు ప్రకటనకు నోచుకోలేదని, ఏళ్ళ తరువాత ఇతరులు వాటిని మళ్ళీ కనుగొనవలసి వచ్చిందని తదనంతర కాలంలో తెలియజేశారు. ప్రచురణకు నోచుకోని పరిశోధనకు ఏ సూచికలోను చోటు ఉండదు.

సైటేషన్ ఇండెక్స్ ముద్రిత సంపుటాలలో ఉల్లేఖింపబడిన పత్రాలను మొదటి రచయిత పేరు కిందనే అమర్చేవారు. అందువల్ల 1925 నాటి పత్రానికి లభించిన ఉల్లేఖనలన్నీ ఫిస్క్ పేరు కింద కనిపించేవి. సుబ్బారావు పేరు కింద వెదికినవారికి అవి దొరికేవి కావు. దీనికి తోడు తెలుగువారి పేర్ల సంప్రదాయం కూడా పాశ్చాత్య గ్రంథసూచికలకు కొరుకుడు పడలేదు. ఇంటిపేరు యల్లాప్రగడ ఒకే ఒక్క పొడి అక్షరంగా కుదించుకుపోగా, తల్లిదండ్రులు పెట్టిన పేరే వంశనామంగా నమోదయింది.

లెడర్లీ ప్రయోగశాలల్లో

1940లో డాక్టర్ సుబ్బారావు హార్వర్డ్‌ను వీడి, న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలల్లో చేరారు. అమెరికన్ సైనమిడ్ సంస్థకు చెందిన ఈ ప్రయోగశాలల పరిశోధన విభాగానికి ఆయన సంచాలకులయ్యారు. అక్కడ ఆయన కృషి స్వరూపమే మారిపోయింది. స్వయంగా పరీక్షనాళికను పట్టే పరిశోధకుడు, రసాయన శాస్త్రజ్ఞులను, సూక్ష్మజీవ శాస్త్రజ్ఞులను, వైద్యులను ఒకే లక్ష్యం వైపు నడిపించే సారథిగా మారారు.

హార్వర్డ్‌లో ఉండగానే ఆయన కాలేయ సారంలో రక్తహీనతను నివారించే పదార్థం కోసం అన్వేషణ సాగించారు. లెడర్లీలో ఆ అన్వేషణ ఫోలిక్ ఆమ్లం వైపు సాగింది. బొంబాయిలో గర్భిణీ స్త్రీల రక్తహీనతపై పరిశోధించిన లూసీ విల్స్, ఈస్ట్ సారంతో ఆ వ్యాధి నయమవుతున్నదని 1931లోనే ప్రకటించారు. ఆ గుణానికి కారణమైన ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసినట్లు లెడర్లీ బృందం 1945లో సైన్స్ పత్రిక ద్వారా వెల్లడించింది. పెద్ద రచయితల జాబితా గల ఆ పత్రంలో సుబ్బారావు పేరు సహచరుల పేర్ల నడుమ ఒకటిగా ఉన్నది. ఫోలిక్ ఆమ్లం రక్తహీనతతో పాటు స్ప్రూ వ్యాధి చికిత్సలోను ఉపకరించింది. సోదరులను బలిగొన్న వ్యాధికి మందు ఆయన నాయకత్వంలోని బృందం చేతుల మీదుగా ప్రపంచానికి అందింది.

ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి, కణాలలో దాని పనిని అడ్డుకునే పదార్థాలను కూడా ఆ ప్రయోగశాల రూపొందించింది. వీటిలో అమినోప్టెరిన్ తయారీని వివరిస్తూ 1947లో వెలువడిన పత్రం సీగర్, స్మిత్, హల్ట్‌క్విస్ట్ పేర్లతో ఉన్నది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ఆ మందును లుకేమియాతో బాధపడుతున్న 16 మంది పిల్లలపై ప్రయోగించగా, 10 మందిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టినట్లు 1948 జూన్‌లో ప్రకటించారు. క్యాన్సర్‌కు రసాయన చికిత్స చరిత్రలో అది తొలి ఘట్టాలలో ఒకటి. ఆ పత్ర రచయితలలోను సుబ్బారావు పేరు లేదు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ తరువాతి దశాబ్దాలలో అనేక క్యాన్సర్లకు, కీళ్ళవాతానికి ముఖ్య ఔషధమైంది.

మృత్తికలోని సూక్ష్మజీవుల నుంచి సూక్ష్మజీవనాశకాలను వెలికితీసే కార్యక్రమంలో భాగంగా వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. టెట్రాసైక్లిన్ వర్గపు ఔషధాలలో ఇదే మొదటిది. 1948లో దానిని ప్రకటించిన పత్రం డగ్గర్ ఒక్కరి పేరుతోనే వెలువడింది. బోదకాలు వ్యాధికి డైఇథైల్ కార్బమజైన్ పనికివస్తుందని తెలియజేస్తూ 1947లో హెవిట్ తదితరులు ప్రచురించిన పత్రంలో మాత్రం సుబ్బారావు పేరు సహరచయితగా చోటు చేసుకున్నది.

ఆ విధంగా లెడర్లీలోని ఎనిమిది సంవత్సరాల కృషికి లభించిన ఉల్లేఖనలు అధిక భాగం ఇతరుల పేర్ల మీదనే నమోదయ్యాయి. పరిశోధన చేసిన సహచరుల పేర్లే ముందుకు రావాలన్నది ఆయన అనుసరించిన నియమం. పత్రికా సమావేశాలకు, ప్రశంసలకు దూరంగా ఉండటం ఆయన స్వభావం. 1948 ఆగస్టులో పెర్ల్ రివర్‌లోని నివాసంలో నిద్రలోనే గుండెపోటుతో ఆయన మరణించారు. నోబెల్ బహుమతి ఆయనను వరించలేదు.

ప్రజారోగ్యంలో కనిపించే లెక్క

పత్రికల పుటలలో కానరాని ప్రభావం ప్రజారోగ్య కార్యక్రమాలలో ప్రస్ఫుటంగా కనిపిస్తుంది. భారతదేశంలో 1955లో ప్రారంభమైన జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమానికి డైఇథైల్ కార్బమజైన్ ప్రధాన ఔషధం. 2004లో దేశంలో చేపట్టిన సామూహిక ఔషధ పంపిణీలో భాగంగా ఇదే మాత్రను ఇంటింటికీ అందజేశారు. ఫైలేరియా పీడిత ప్రాంతాలలో డాక్టర్ సుబ్బారావు పుట్టిన గోదావరి మండలం కూడా ఒకటి కావడం విశేషం. గర్భిణీ స్త్రీలకు, బాలలకు ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రలు పంపిణీ చేసే జాతీయ పోషకాహార రక్తహీనత నివారణ కార్యక్రమం 1970లో మొదలైంది. 1994లో సూరత్‌లో ప్లేగు ప్రబలినప్పుడు ప్రజలు ఆశ్రయించిన ఔషధం టెట్రాసైక్లిన్. ఈ మాత్రలను గ్రామాలలో పంచిన ఆరోగ్య కార్యకర్తలలో గాని, స్వీకరించిన వారిలో గాని వాటి వెనుక ఒక తెలుగు శాస్త్రవేత్త కృషి ఉన్నదని ఎరిగినవారు స్వల్పం.

స్మారక చిహ్నాలు

శాస్త్రలోకం ఆయనను పూర్తిగా విస్మరించలేదు. 1953లో హెసెల్టైన్ అనే శాస్త్రజ్ఞుడు తాను వర్ణించిన ఒక శిలీంధ్ర ప్రజాతికి ఆయన గౌరవార్థం సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు. శతజయంతి సందర్భంగా 1995లో భారత తపాలా శాఖ ఆయన స్మారక తపాలా బిళ్ళను విడుదల చేసింది. జీవితచరిత్రకారుడు ఎస్.పి.కె. గుప్త సుదీర్ఘకాలం శ్రమించి సేకరించిన వివరాల వల్ల ఆయన కృషిలో మరుగునపడిన భాగాలు అనేకం వెలుగులోకి వచ్చాయి.

పరిశోధకుల ఎంపికలోను, పదోన్నతులలోను, నిధుల మంజూరులోను ప్రచురణల సంఖ్య, ఉల్లేఖనల సంఖ్య ప్రధాన ప్రమాణాలుగా వాడుకలోకి వచ్చిన దరిమిలా డాక్టర్ సుబ్బారావు ఉదంతం ఒక హెచ్చరికగా నిలుస్తున్నది. ఆ ప్రమాణాలు నిరర్థకం కావు. 1925 నాటి పత్రం విలువను చాటినవి అవే. కాని వాటినే ఏకైక కొలబద్దగా స్వీకరిస్తే ఎ.టి.పి.ని కనుగొన్నవారిలో ఒకరైన శాస్త్రజ్ఞుడు రంగు కొలిచే పద్ధతికి రెండవ రచయితగానే మిగిలిపోతారు. ఫోలిక్ ఆమ్లం, అమినోప్టెరిన్, ఆరియోమైసిన్, డైఇథైల్ కార్బమజైన్‌లను ఒకే కప్పు కింద సాధ్యం చేసిన సారథి లెక్కలోకే రారు. పత్రంపై పేరు ఎక్కడ ఉన్నదన్న దానితో పాటు, ఆ పత్రం వెనుక ఎవరి శ్రమ ఉన్నది, దాని ఫలితం ఎవరికి చేరింది అన్న విషయాలను సైతం పరిశీలించినప్పుడే యల్లాప్రగడ సుబ్బారావు వంటి శాస్త్రవేత్తలకు న్యాయం జరుగుతుంది.